మిగిలిన టైము

పంకజాక్షి కుడిచెయ్యి మళ్ళీ రబ్బరు వైపు పోయింది. వెనక నిలబడి చూస్తున్న దేవరాజులు ఆ రబ్బరు తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"తప్పు పడిందని నాకూ తెలుసులేమ్మా. దాన్ని ఆడనే ఇడిసిపెట్టు. ముందుకు పో."

వేళ్ళయితే ముందుకు పోయాయి గానీ, మనసు మాత్రం పై వరసలో తారుమారైన రెండక్షరాల దగ్గరే కూచుంది. దాంతో కింది వరసలో ఇంకో తప్పు పడింది. దేవరాజులు గోడ గడియారం చూసి చాలన్నాడు. ఇంకా పేరాలో సగం కొట్టకుండానే మిగిలిపోయింది.

చిత్తూరు సంతపేటలో బియ్యం అంగడి పైన ఉండేది ఆ టైపు ఇన్‌స్టిట్యూట్. దేవరాజులు దాని యజమానీ, మాస్టరూ కూడా. ఆయన పాఠానికి ఊళ్ళో పేరుంది. ఎవరి మీదా కేకలేసేవాడు కాదు. వెనక నిలబడి, చెయ్యి ఎక్కడ తడబడుతోందో కనిపెట్టి అక్కడ పట్టుకునేవాడు. పంకజాక్షి టైపు లోయరు పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి దిద్దుకుంటూ కూచుని తప్పింది. రెండోసారి, కష్టమైనది ముందే చేసేస్తే నిమ్మళంగా ఉంటుందని గళ్ళ స్టేట్‌మెంటుతో మొదలుపెడితే, గళ్ళు సరిపెట్టుకునేలోగా గంట కొట్టేశారు.

పగలు ఆమె పనిచేసే ఆఫీసులో అక్షరం తేడా పడితే సూపరింటెండెంటు ఆదిమూలం కాగితాన్ని టేబులు అంచుకు తోసేవాడు. అలా తోయించుకోకుండా ఉండడమే తన ఉద్యోగమని ఆమె అనుకునేది. అది కూడా టెంపరరీ ఉద్యోగం. ఈ దఫా లోయరు పాసు కాని టైపిస్టులను తీసెయ్యమని పైనుంచి ఆర్డరు వచ్చి ఉంది.

దేవరాజులు స్టూలు లాక్కుని పక్కన కూచున్నాడు. "ఆఫీసులో కాగితం తప్పు లేకుండా ఉండాల. పరీక్షలో కాగితం పాసయితే చాలు. రెండూ వేరే వేరే పనులు. నువ్వు ఆఫీసును నెత్తిన పెట్టుకోని పరీక్షకు పోతా ఉండావు."

ఆ తర్వాత ఆయన, స్పీడు పేపరు అయ్యాక వచ్చే రెండో పేపరును ముక్కలు ముక్కలుగా విడదీసి చూపించాడు. ముందు ఉత్తరం కొట్టాలి, అవి చేతికందే మార్కులు. తర్వాత స్టేట్‌మెంటు. దానికి కాగితం ఎక్కించకముందే పెన్సిలుతో గళ్ళు లెక్కగట్టుకోవాలి. కొట్టివేతలూ బాణం గుర్తులూ ఉండే చేతిరాత ప్రతిని చివరికి పెట్టుకోవాలి. అందులో ఎంత అయితే అంత, మిగిలింది మిగిలింది. ఒక్కో ముక్క అయిపోయాకే గడియారం వైపు చూడాలి. పాసు మార్కులకు ఎంత కావాలో అంత ముందు చేతిలో పడేసుకుని, ఆ పైదాన్ని తర్వాత చూసుకోవాలి. వింటుంటే పంకజాక్షికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పని ఇంటి రహస్యమేదో విన్నట్టయింది.

కిటికీ పక్క మిషను ముందు ఆనందమ్మ ఉంది. పంకజాక్షి కంటే పెద్దది, పిల్లల తల్లి, మిట్టూరు చర్చి వెనక వీధిలో కాపురం. పంచాయతీ సమితి ఆఫీసులో ఆమె కూడా టెంపరరీ టైపిస్టే, ఆమె మీదా అదే ఆర్డరు ఉంది. ఆమె చేతిలో వేగం ఉంది. కానీ ఆమె కూచునే మిషను ఆ హాల్లోకెల్లా పాతది. కొత్త మిషన్లు కాలేజీ పిల్లలకు పోగా, బాగున్నవి తెలిసినవాళ్ళ పిల్లలకు పోగా, మిగిలింది ఆమెకు వచ్చేది. క్యారేజిని పక్కకు లాగే నూలు పట్టీ పీచులు లేచి, ఒకచోట దారమంత సన్నబడింది. ఆ ఉదయం ఆమె దాన్ని వేలితో ఎత్తి చూపించి, పరీక్షకు వేరే మిషను ఇమ్మని అడిగింది.

మిషన్ల నంబర్లు తిరుపతి పరీక్ష సెంటరుకు పోయినాయని, ఇప్పుడు మార్చడానికి లేదని, కొత్త పట్టీ మద్రాసు నుంచి రావాలని దేవరాజులు చెప్పాడు. మైనం పూసిన దారంతో పట్టీని చుట్టి ముడి వేశాడు. నిలుస్తుందిలే అన్నాడు. లోపలి గదిలో గుడ్డ కప్పిన స్పేరు మిషను ఒకటి ఉందని పంకజాక్షికి తెలుసు. ఆనందమ్మకూ తెలుసు. ఇద్దరూ ఆ గది తలుపు వైపు చూశారు. పంకజాక్షి తన మిషనులో ఇంకో కాగితం ఎక్కించింది.

పరీక్ష రోజు ఇద్దరూ పొద్దున్నే మొదటి బస్సెక్కారు. మిషన్లు ముందురోజే లారీలో వరిగడ్డి మీద పడుకుని తిరుపతి పోయాయి. చంద్రగిరి దాటాక గుండు కొట్టించుకున్న యాత్రికుల బస్సులు ఎదురొచ్చాయి. ఆనందమ్మ పొట్లం విప్పి చిత్రాన్నం సగం పంకజాక్షికి పెట్టింది. పంకజాక్షి అది ఒళ్ళోనే పెట్టుకుని, దేవరాజులు చెప్పిన వరసను లోలోపల వల్లించుకుంటోంది. ఆనందమ్మ అది కనిపెట్టి, తనకూ చెప్పమంది. బస్సు కుదుపుల్లో పంకజాక్షి ఆ వరసంతా చెప్పింది. ఆనందమ్మ శ్రద్ధగా విని, ఆ మాస్టరు తనకు ఇదంతా ఎప్పుడూ చెప్పలేదంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టుగా అంది.

సెంటరు ఒక హైస్కూలు. పొడుగాటి హాలులో బెంచీలు తీసేసి టేబుళ్ళు వేశారు. ఒక్కో ఇన్‌స్టిట్యూటుది ఒక్కో వరస. పంకజాక్షికి ఎడమ పక్క టేబులు ఆనందమ్మది. గంట కొట్టగానే రేకుల మీద వడగండ్లు పడ్డట్టు హాలంతా మోగిపోయింది.

మొదటిది స్పీడు పేపరు. రెండో వరసలోనే ఒక తప్పు పడింది. పంకజాక్షి చెయ్యి ఆగలేదు. ఆ తప్పును దారిలో కాలికి తగిలిన రాయిలా వెనక వదిలేసి పోయింది. గంట కొట్టేసరికి పేరా పూర్తయి, మళ్ళీ మొదటికి తిరిగి కొంత కొట్టింది కూడా. కాగితం లాగుతుంటే నవ్వొచ్చింది. పక్కకు చూస్తే ఆనందమ్మ కూడా ముగించి, చమట తుడుచుకుంటోంది.

రెండో పేపరులో ఉత్తరం సాఫీగా అయిపోయింది. స్టేట్‌మెంటుకు పెన్సిలుతో లెక్కగట్టుకుంటుండగా ఎడమ వైపు శబ్దం మారింది. మీటలు పడుతున్నాయి గానీ క్యారేజి కదిలే చప్పుడు లేదు. పంకజాక్షి తల తిప్పకుండానే ఏం జరిగిందో గ్రహించింది. అక్షరాలన్నీ ఒకే చోట పడి కాగితం మీద నల్లటి మచ్చ ఏర్పడుతోంది. ఆనందమ్మ ఎడమచేత్తో క్యారేజిని తోసుకుంటూ కుడిచేత్తో ఒక్కో అక్షరమే కొట్టడం మొదలుపెట్టింది. అలా ఒక వరస కొట్టి, చెయ్యెత్తింది.

ఇన్విజిలేటరు వచ్చి వంగి చూశాడు. వరండాలో ఉన్న దేవరాజులును పిలిపించారు. ఆయన తెగిన పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుని ముడి వేయబోయాడు, కొసలు అందలేదు. స్పేరు మిషను తెచ్చారా అని ఇన్విజిలేటరు అడిగితే, దాన్ని ఇంకో సెంటరుకు పంపాల్సి వచ్చిందని దేవరాజులు గొంతు తగ్గించి చెప్పాడు. ఇన్విజిలేటరు జేబులోంచి పెన్ను తీశాడు. దేవరాజులు నవ్వుతూ ఆయన మణికట్టు మీద మెల్లగా చెయ్యి వేసి, ఒక్క నిమిషం సార్ అన్నాడు.

పంకజాక్షి గళ్ళు నింపుతూనే ఉంది. చివరి వరస మొత్తాలు కొట్టి, కింద గీత గీసి, అప్పుడు గడియారం చూసింది. ఇంకా కొంత టైముంది. చేతిరాత ప్రతి మిగిలి ఉంది. ఆమె మనసులో కూడుకుంది. స్పీడు పేపరు గట్టెక్కినట్టే. ఉత్తరంలో పెద్ద తప్పుల్లేవు. స్టేట్‌మెంటు పూర్తయింది. చేతిరాత ప్రతి మొత్తం వదిలేసినా పాసు మార్కులు దాటుతాయి. ఆ లెక్క ఇంకోసారి సరిచూసుకుంది. తర్వాతే లేచి నిలబడి, తనది అయిపోయిందని, తన మిషను ఆనందమ్మకు ఇవ్వమని చెప్పింది.

ఇన్విజిలేటరు ముఖం తేటపడింది. పెన్ను జేబులోకి పోయింది. ఆనందమ్మ కదల్లేదు. ఆమె గడియారం వైపు చూసింది, తర్వాత పంకజాక్షి వైపు చూసింది.

"కూచోమ్మా, టైము పోతా ఉండాది," అన్నాడు దేవరాజులు.

ఆమె కూచుంది. ఆ మిషను మీటలు ఆమె చేతికి అలవాటు లేనివి. అయినా గంట కొట్టేదాకా తలెత్తలేదు.

బయట వేపచెట్టు కింద దేవరాజులు అందరికీ కాఫీ పోయించాడు. పంకజాక్షి చేసిన పని తన దగ్గర నేర్చుకునే పిల్లలందరికీ చెప్పి, ఇట్లాంటి మనసు ఎవరికి ఉంటుందన్నాడు. కాలేజీ పిల్లలు ఆమె వైపు గౌరవంగా చూశారు. పంకజాక్షికి ముఖం వేడెక్కింది, సంతోషంగా కూడా ఉంది. ఆనందమ్మ గ్లాసు పట్టుకుని ఒక పక్కగా నిలబడి ఉంది. ఉత్తరం వరకు అయిందని, స్టేట్‌మెంటు గళ్ళు కుదరలేదని తిరుగు బస్సులో చెప్పింది. పంకజాక్షి ఏదో ధైర్యం చెప్పింది. ఆనందమ్మ కిటికీలోంచి చూస్తూ ఊకొట్టింది.

మరునాడు దేవరాజులు పంకజాక్షిని పక్కకు పిలిచి, హాల్లో లేచి మిషను ఇచ్చిన సంగతి ఇక ఎవరి దగ్గరా ఎత్తవద్దన్నాడు. నిన్న అందరికీ చెప్పింది ఆయనే. పరీక్షల బోర్డుకు తెలిస్తే పంకజాక్షి పేపరు కూడా రద్దు చేస్తారని, రూలు అలా ఉందని చెప్పాడు. నువ్వు పాసయినట్టే, ఊరికే ఉండు అన్నాడు. అలాగే సార్ అంది ఆమె. మెట్లు దిగి సగం వీధి నడిచాక, ఇన్విజిలేటరు మణికట్టు మీద ఆయన చెయ్యి గుర్తొచ్చింది. పెన్ను ఎందుకు తీసినట్టు, ఏం రాయబోయినట్టు అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

దానికి జవాబు ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. పంకజాక్షి ఆఫీసు నుంచి వచ్చేసరికి అరుగు మీద ఆనందమ్మ కూచుని ఉంది. పంకజాక్షి తల్లి శకుంతలమ్మ ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి, తను గడప లోపలే నిలబడి మాట్లాడుతోంది. ఆనందమ్మ చీర దుమ్ము కొట్టుకుని ఉంది. పొద్దున తిరుపతి పోయి వచ్చిందట.

ఇంకో ఇన్‌స్టిట్యూటు అమ్మాయికి కూడా నిన్న మిషను చెడిపోయిందని, ఇన్విజిలేటరు రిపోర్టు రాస్తే ఆ సాయంత్రం బ్యాచిలో ఆ పేపరు మొదటి నుంచీ మళ్ళీ కొట్టనిచ్చారని ఆమె చెప్పింది. ఆనందమ్మ విషయంలో రిపోర్టు లేదు. వేరే మిషను మీద కూచుని, పేపరు ఇచ్చి, సంతకం పెట్టి వచ్చింది. ఇబ్బంది ఏమీ లేనట్టే లెక్క. సెంటరు చీఫ్ సూపరింటెండెంటు మంచిగానే మాట్లాడాడు. జరిగింది జరిగినట్టు అర్జీ రాసి, పక్క టేబులు అమ్మాయి చేత సాక్షి సంతకం పెట్టించి తెస్తే పైకి పంపుతానన్నాడు. రేపు పేపర్ల కట్టలు హైదరాబాదు పోతాయి.

"నువ్వు సంతకం పెట్టాల పంకజా," అంది ఆనందమ్మ.

శకుంతలమ్మ లోపలినుంచే, దానికి మా పిల్లెందుకు అంది. స్పేరు మిషను లేని చోట దేవరాజులు తననే స్పేరుగా వాడుకున్నాడని పంకజాక్షికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. తను లేచి ఉండకపోతే ఆయన ఇన్‌స్టిట్యూటు మీద రిపోర్టు పడేది. ఆనందమ్మ ఆ సాయంత్రమే మంచి మిషను మీద, నిండు టైముతో కూచునేది. తనకు కాఫీ పోసి పొగిడింది దీనికే.

సంతకం పెడితే తన పేపరుకేమవుతుందో కూడా తెలుసు. కానీ ఆ సెంటరు పెద్దాయన మంచివాడంటున్నారు, ఏదో ఒక దారి చూపకపోడు అనుకుంది. అంతకంటే లోపల ఇంకో ఆశ ఉంది. తన ఉద్యోగం పోతుందని తెలిస్తే ఆనందమ్మే వద్దంటుంది. ఆ ఆశను ఆమె తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు. అర్జీ మీద సంతకం పెట్టింది. ఆదిమూలానికి ఒంట్లో బాగాలేదని చీటీ రాసి పంపి, మరునాడు ఆనందమ్మతో తిరుపతి బస్సెక్కింది.

చీఫ్ సూపరింటెండెంటు నెరిసిన జుట్టు, లావు కళ్ళద్దాల మనిషి. అర్జీ చదివాడు, సంతకం చూశాడు, మళ్ళీ చదివాడు. అద్దాలు తీసి టేబులు మీద పెట్టాడు.

"ఇది పంపితే ఈవిడకు మళ్ళీ పరీక్ష పెట్టమని నేను రాయగలను, పెడతారు కూడా. కానీ అమ్మా, నువ్వు పరీక్ష మధ్యలో లేచి నీ మిషను ఇంకొకరికి ఇచ్చానని నీ సంతకంతోనే రాస్తున్నావు. నీ పేపరు దిద్దకుండా ఆపమని కూడా నేనే రాయాలి. ఒకటి రాసి ఒకటి దాచలేను." ఆయన అర్జీని ఆనందమ్మ వైపు జరిపాడు. "కాగితం మీది. బయటికి పోయి మాట్లాడుకుని రండి. పంపమంటే పంపుతాను."

వరండాలో గోడకు కట్టల సంచులు ఆనించి ఉన్నాయి. ప్యూను లక్క కరిగించి సీళ్ళు వేస్తున్నాడు. పంకజాక్షి స్తంభం పక్కన నిలబడి, ఆనందమ్మ నోరు విప్పేదాకా ఆగింది. వద్దులే, పద పోదాం అని ఆమె అంటుందని చూసింది. అంటే ఒకసారి కాదనాలని, రెండోసారి ఒప్పుకోవాలని కూడా అనుకుంది. ఆనందమ్మ ప్యూను చేతిలో కరుగుతున్న లక్కనే చాలాసేపు చూసింది. తర్వాత చీరకొంగు భుజం చుట్టూ తిప్పుకుని, పంకజాక్షిని అడక్కుండానే, ఆమె ముఖం చూడకుండానే, లోపలికి పోయింది.

"పంపించండి సార్," అనడం బయటికి వినిపించింది.

బస్టాండులో ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఇంకో మనిషికి సరిపడా జాగా వదిలి కూచున్నారు. తిరుచానూరు బస్సులు వచ్చి పోతున్నాయి. పూలమ్మే ఆడవాళ్ళు కిటికీల కింద పరుగెత్తుతున్నారు. చివరికి పంకజాక్షే మాట్లాడింది.

"నా ఉద్యోగం పోతాదక్కా."

"తెలుసు."

"నీకోసం లేచినాను గదా నేను."

ఆనందమ్మ ఆమె వైపు తిరిగింది.

"లేచినావు. కాదనను. నీకు కావాల్సింది నువ్వు తీసుకున్నాక, మిగిలింది నాకిచ్చినావు. దాంతో నేను పాసూ కాలేదు, నాకు అన్యాయం జరిగిందని చెప్పుకునేదానికీ లేకపాయె. గంట కొట్టినకాడి నుంచి గంట కొట్టేదాకా నా టైము నాకు కావాల పంకజా. ఒకరు ఇచ్చింది కాదు." బస్సులు వచ్చే వైపు చూసి, మళ్ళీ అంది. "నిన్న నువ్వు సంతకం పెట్టను అనుంటే నిన్నొక మాట కూడా అనేదాన్ని కాదు. పెట్టినావు. ఇంగ దాన్ని చించి పారేసే పని నాతో చేయించొద్దు."

ఆ రోజు హాల్లో లేచే ముందు పంకజాక్షి వేసుకున్న లెక్క ఆనందమ్మకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆమెకు తెలుసు. ఆ లెక్క తేలకపోయి ఉంటే లేచేదాన్నా అని పంకజాక్షి తనను తాను అడిగి చూసుకుంది. జవాబు వెంటనే వచ్చింది. చిత్తూరు బస్సు వచ్చినప్పుడు ఆమె ముందు తలుపు ఎక్కింది, ఆనందమ్మ వెనక తలుపు ఎక్కింది.

హైదరాబాదు నుంచి జాబు రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఆనందమ్మకు వచ్చే దఫాలో ఫీజు లేకుండా మళ్ళీ పరీక్ష రాయడానికి అనుమతి ఇచ్చారు, అప్పటిదాకా సమితి ఆఫీసులో ఆమెను కదపలేదు. దేవరాజులును సంజాయిషీ అడిగారు. మిషను తన దగ్గర్నుంచి బాగానే బయలుదేరిందని, లారీ కుదుపులకు పట్టీ తెగిందని ఆయన రాసిచ్చాడు. ఆ మాట చాలిపోయింది. బియ్యం అంగడి మెట్ల మీద పిల్లల చెప్పులు ఎప్పటిలాగే నిండుగా ఉండేవి. పంకజాక్షి పేపరు రద్దయింది.

నెలాఖరు రోజు ఉదయం ఆదిమూలం ఒక డ్రాఫ్టు తెచ్చి ఆమె టేబులు మీద పెట్టాడు. ఆఫీసులో వేరే టైపిస్టు లేడు. ఈ రోజు మధ్యాహ్నం నుంచి ఆమెను విధుల నుంచి తొలగిస్తున్నట్టు ఆర్డరు అది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, తనకు ఇందులో ఏమీ లేదని, పైవాళ్ళ మాట అని ఏదో గొణిగాడు. పంకజాక్షి కార్బన్లు పెట్టి కాగితాలు ఎక్కించింది. తన పేరు వచ్చిన చోట వేళ్ళు ఆగలేదు. కాగితాలు లాగి, విడదీసి, సంతకానికి పెట్టింది.

ఆదిమూలం చదివి సంతకం చేశాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో నాలుగైదు డ్రాఫ్టులు తీసి ఆమె ముందుకు జరిపాడు.

"మధ్యాహ్నం దాకా ఉండావు గదమ్మా. ఇవి కూడా కొట్టేసి పో."

ఆమె వాటిని చూసింది. పైదాని మీద అర్జంటు అని ఎర్ర సిరాతో రాసి ఉంది. చేతులు అలవాటుగా కాగితం కోసం పోబోయాయి. ఆమె వాటిని ఒడిలోకి తీసుకుంది.

"లేదు సార్," అంది.

మిషను మీద గుడ్డ కప్పి, టిఫిను డబ్బా తీసుకుని లేచింది. ఆదిమూలం పిలుస్తాడేమోనని తలుపు దగ్గర ఒక క్షణం వెన్ను బిగించింది. ఆయన పిలవలేదు. బయట ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది. పనిరోజున ఈ వేళప్పుడు గాంధీరోడ్డు ఎలా ఉంటుందో ఆమె ఏళ్ళ తరబడి చూడలేదు. అంగళ్ళ ముందు నీళ్ళు చల్లుతున్నారు, బడి గంట కొట్టేశారు. ఆఫీసు మెట్ల మీద నిలబడి అటూ ఇటూ చూసింది. ఏ పక్కకు పోవాలో వెంటనే తోచలేదు. అలాగే కొంచెంసేపు నిలబడింది.